మూడో లేన్ మేకు

నా చిన్నప్పుడు విమానం మోత వినబడితే చాలు, ఆరేసిన తెల్లబట్టలు లాక్కొని ఇంట్లోకి ఉరికేదాన్ని. ఇప్పుడు శంషాబాద్‌లో నా డాబా మీదుగా పొద్దంతా విమానాలు దిగుతూనే ఉంటాయి, ఎవరూ తలెత్తి కూడా చూడరు. నా చెయ్యి మాత్రం దండెం మీది చీర మీదికే పోతుంది. అరవై దాటినా ఈ పిచ్చి వదల్లేదు.

అది బంగ్లాదేశ్ యుద్ధం నాటి చలికాలం. నాకు తొమ్మిదేళ్లు. మా బాపు పట్నంలో పాత యూనివర్సిటీ హాస్టల్లో వంట చేసేవాడు. మా ఇల్లు ఆటల మైదానం వెనకే. మా అన్న అక్కడే చదివేవాడు, పరుగు పందెంలో ఎప్పుడూ మూడో లేన్ అడిగి తీసుకునేవాడు. ఆ ఏడే పటాలంలో చేరాడు. పోయేముందు, మైదానంలో సున్నపు గీతలు గీసే తాత దగ్గరికి వెళ్లి, "పందేల యాల్లకు వస్త తాతా, నా లేన్ ఎవలకియ్యకు" అని చెప్పి పోయాడు. ఆ మాట పట్టుకొనే నేను రోజులు లెక్కబెట్టాను.

యుద్ధం మొదలవగానే హాస్టల్ పిల్లలంతా ఊళ్లకు వెళ్లిపోయారు. అంత పెద్ద మైదానంలో నేనొక్కదాన్నే తిరిగేదాన్ని. మాట్లాడే దిక్కు లేదు. తాత కూడా మాటల మనిషి కాదు.

ఒకరోజు వార్డెన్ వచ్చి, తెల్లనివన్నీ పైనుంచి విమానాలకు కనబడతాయి, గీతలు చెరిపెయ్యమన్నాడు. తాత నీళ్లు చల్లి ఊడ్చేశాడు. ఇక మా అన్న వచ్చి ఎక్కడ నిలబడతాడని నేను ఒకటే ఏడుపు. తాత నా వేలు పట్టుకొని మట్టిలోకి నొక్కాడు. చల్లగా మేకు తల తగిలింది.

"గీతలు పోతే పోనియ్ బిడ్డా. లేన్‌కొక మేకు కొట్టిన. మీ అన్న వచ్చినంక వీటిని చూసే మల్ల గీస్త."

రెండు రోజులకు ఎండలో ఒక మేకు తళుక్కుమంది. తెల్లగీత కనబడితే మెరిసే మేకు కనబడదా? మధ్యాహ్నమంతా గరిటె కాడతో తవ్వి, మేకులన్నీ పీకేసి, చక్కెర డబ్బాలో పోసి, గొప్పగా తాతకు చూపించాను. ఆయన డబ్బా లాక్కొని, నేను తవ్విన గుంతలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాడు.

"ఎందుకు తీసినవ్ బిడ్డా?"

"అన్న కోసం."

తిట్టి ఉంటే బాగుండేది. డబ్బా చంకన పెట్టుకొని, "పొద్దుగాల రా" అన్నాడు.

తెల్లారి పొగమంచు దట్టంగా ఉంది. మైదానమంతా మళ్లీ మొదటినుంచి కొలవాలి. మలుపు నడిమధ్యలో నన్ను నిలబెట్టి తాడు కొస చేతికిచ్చాడు. "నేను తాడుతోని చుట్టూ తిరుగుత. కనబడకున్నా జర గట్టిగ పట్టుకో. నువ్వు ఇడిస్తే మలుపు తప్పుతది."

పది అడుగుల్లో ఆయన మంచులో కలిసిపోయాడు. భయమేసింది. పిలిచినా పలకలేదు. తాడు బిగుసుకున్నప్పుడే అవతల మనిషి ఉన్నాడని తెలిసేది. అరచేతులు కాలిపోయినా వదల్లేదు. చివరికి మూడో లేన్ మేకు నాతోనే కొట్టించాడు.

యుద్ధం అయిపోయింది. అన్న రాలేదు, పటాలం నుంచి తంతి వచ్చింది. బాపు వారం రోజులు పొయ్యి ముట్టించలేదు. పందేలనాడు తాత ఆరు లేన్లూ గీసి, మూడోదాని మొదలు దగ్గర తానే గొంతుక్కూర్చున్నాడు. ఎవరెంత చెప్పినా లేవలేదు. ఆ రోజు ఐదుగురే పరుగెత్తారు.

ఇప్పుడు చీర మడతపెట్టి లోపల పెట్టాక, డాబా మీద ఒక్కదాన్నే కాసేపు నిలబడతాను. తాడు కొస పట్టుకున్నట్టు కుడిచెయ్యి దానంతటదే పిడికిలి బిగిస్తుంది. ఇన్నేళ్లలో అవతలి నుంచి ఒక్కసారీ ఎవరూ లాగలేదు. అయినా నేను వదల్లేదు.