నవ్వు కూడా శబ్దమే

ఊరంతా పెంచి పోషించుకున్న ఒక శాఖా గ్రంథాలయాన్ని రెండే రెండు వేళ్లతో మూయించబోయిన ఘనుణ్ణి నేను. రెండు వేళ్లే ఎందుకంటే, టైపు కొట్టడానికి నాకు లొంగినవి అవే. మిగతా ఎనిమిదీ పెళ్లికి వచ్చిన దూరపు చుట్టాల్లా పక్కన నిలబడి చూసేవి. ఈ నేరంలో వాటికి భాగం లేదు.

ఊరి పేరు చెప్పను. కళింగపట్నం పోయే దారిలో, కిటికీ తెరిస్తే ఎండుచేపల వాసన వచ్చి పాత పుస్తకాల వాసనతో కలిసే చోటు అనుకోండి. అక్కడ నేను గ్రంథపాలకుణ్ణి. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నేను చేసిన పనులు రెండు. పుస్తకాలను వాటి చోట ఉంచడం, పాఠకుల నోళ్లను వాటి చోట ఉంచడం. "దయచేసి నిశ్శబ్దం పాటించండి" అన్న బోర్డు నా కుర్చీ వెనక గోడకు ఉండేది. ఎవరూ కష్టపడి చదువుకోనక్కర్లేకుండా దాన్ని నేనే రోజంతా చదివి వినిపించేవాణ్ణి.

నా పదవీ విరమణ దగ్గర పడుతున్న ఆ రోజుల్లో ప్రతి శాఖకూ ఇంటర్నెట్‌లో ఒక పేజీ ఏర్పాటు చేశారు. దాన్ని నడపడం నేర్పడానికి మమ్మల్ని శ్రీకాకుళం పిలిచారు. శిక్షణ మొదలుపెడుతూనే పై అధికారి మేడం ఒక బాంబు పేల్చారు. పాఠకులు రాని చిన్న శాఖలను నరసన్నపేట శాఖలో కలిపేసే ఆలోచన ఉందట. ఏది ఉండాలో ఏది పోవాలో మా పేజీలు చూసి నిర్ణయిస్తారట.

చేపల వేట నుంచి వచ్చిన మనిషి నవల మార్చుకోవడానికి బస్సెక్కి నరసన్నపేట పోతాడా? మా శాఖ పోతే మా ఊళ్లో చదువు పోయినట్టే. ఎలాగైనా పేజీని అద్దంలా ఉంచాలని అక్కడే నిశ్చయించుకున్నాను.

శిక్షకుడు చెప్పింది తేలికే. పాఠకులు పేజీ కింద తమ అభిప్రాయాలు రాస్తారు. మనం వాటికి జవాబివ్వవచ్చు. అభ్యంతరకరమైనవి ఉంటే తొలగించాలి. తోటివారు సమోసాల కోసం తలుపు వైపు చూస్తుంటే నేనొక్కణ్ణే ముక్క పొల్లుపోకుండా రాసుకున్నాను. పెద్ద తప్పు చెయ్యాలంటే అంత శ్రద్ధ ఉండాలి మరి. ఆ రాత్రి డైరీలో ఇలా రాశాను: "మాటలు అదుపులో ఉంచవలెను. పేజీ ప్రశాంతముగా ఉండవలెను."

నాలుగు రోజులకు మొదటి అభిప్రాయం వచ్చింది. రాసినవాడు ఎల్లయ్య, పడవ మనిషి. సముద్రం బాగోలేని రోజుల్లో వచ్చి మూల బల్ల దగ్గర కూర్చునేవాడు. మా దగ్గర తీసుకెళ్లిన ఒక నవల పేరు వేసి, "ఈ కత సదివి మా ఆడది ఏడిసింది. రెండో బాగం ఎక్కడున్నాది?" అని రాశాడు. నేను జవాబు వెతికేలోపే దాని కింద అప్పారావు అనే ఇంకో పాఠకుడు దిగాడు. "నాకాడుంది బావ, రేపట్టుకొస్తాను." దానికి ఎల్లయ్య, "నీకాడుంటే ఇంకేటి, సెదలకి పెట్టీసుంటావు." దాని కింద ఇద్దరూ కలిసి నవ్విన బొమ్మలు, పసుపు రంగులో, కళ్ల నీళ్లు కారుస్తూ.

నా గ్రంథాలయంలో, నా ఎదుట, ఇద్దరు పాఠకుల ముచ్చట్లు! అభ్యంతరకరం అంటే ఇంతకన్నా ఏముంటుంది చెప్పండి. వెంటనే ఒక్కొక్కరికీ పేరుపేరునా మర్యాదగా జవాబు కొట్టి, ఆ పైన వాళ్ల మాటలన్నీ తొలగించాను. పని పద్ధతిగా ఉండాలి కదా. ముందు హెచ్చరిక, తర్వాత చర్య.

మా అటెండరు అప్పలనర్సమ్మ బల్లలు తుడుస్తూ ఇదంతా చూసింది.

"ఆలు ఇంటికాడ కూకోని పోన్లో రాస్తన్నారు బాబూ. ఇక్కడ సప్పుడేటి వస్తాది?"

"చప్పుడు రాకపోయినా మాట మాటే," అన్నాను.

"అలాగైతే మీరు కొట్టే ఆ టకటకలే పెద్ద సప్పుడు," అని గుడ్డ దులుపుకుని పోయింది. కిందివాళ్లకు సాంకేతిక విషయాలు వివరించడం కష్టమని సరిపెట్టుకున్నాను.

తరవాతి వారాలు నా ఉద్యోగ జీవితంలో బంగారు కాలం. జనం రాస్తూనే ఉన్నారు, నేను ఊడుస్తూనే ఉన్నాను. రమణమ్మ టీచరు పిల్లల పుస్తకాలు కొత్తవి కావాలంది. ఆమె కింద నలుగురు తల్లులు "మాకూ కావాలి" అన్నారు. క్లాసు పిల్లల్లా అందరూ ఒకేసారి అరవడమేమిటని ఐదుగురినీ మందలించాను. సాయంత్రానికి నా తెర మీద పేజీ అలికిన వాకిలిలా ఉండేది.

ఒకనాడు గాలులు లేచి పడవలు ఒడ్డునే ఉండిపోయాయి. ఎల్లయ్య నేరుగా నా బల్ల దగ్గరికొచ్చాడు.

"ఏటి సారూ, నానేటన్నానని? లోపల మాటాడొద్దన్నారు, మానేసినాను. ఇంటికాడ మంచం మీద కూకోని రాసినా నోరు ముయ్యమంటన్నారేటి?"

"ఎల్లయ్యా, మెల్లగా."

"మెల్లగానే రాసినాను!"

వేలెత్తి గోడ మీద బోర్డు చూపించాను. అతను బోర్డునీ నన్నూ మార్చి మార్చి చూసి, పుస్తకం తీసుకోకుండానే వెళ్లిపోయాడు. అంతకు ముందు ఎప్పుడూ అలా వెళ్లలేదు. అప్పుడైనా నాకు అనుమానం రావాలి. రాలేదు. పైగా పేజీ మునుపటికంటే శుభ్రంగా ఉందని సంతోషించాను.

చివరికి మేడం తనిఖీకి వచ్చారు. ఇస్త్రీ చొక్కాతో ఎదురెళ్లాను. ఆవిడ కూర్చుని, తన ఫోనులో మా పేజీ తెరిచి, కాసేపు పైకీ కిందికీ చూశారు.

"సత్యానందం గారూ, మీరు ఎవరితో మాట్లాడుతున్నారు?"

"మీతోనే మేడం."

"ఇక్కడ."

ఫోను నా వైపు తిప్పారు. నేను ఇన్నాళ్లూ చూస్తున్నది సిబ్బందికి కనపడే లోపలి పేజీ. అందులో పాఠకుడి మాటతో పాటే నా జవాబూ మాయమయ్యేది. జనానికి కనపడే పేజీ వేరే ఉంటుందని అప్పుడే తెలిసింది. అక్కడ మాత్రం పాఠకుడి మాట తొలగిస్తే ఆ మాట ఒక్కటే పోతుంది. దాని కింద నేనిచ్చిన జవాబు శిలాశాసనంలా నిలిచి ఉంటుంది. కాబట్టి లోకానికి కనపడుతున్నది ఇదీ:

"ఎల్లయ్య గారూ, దయచేసి నిశ్శబ్దం పాటించండి."

"అప్పారావు గారూ, దయచేసి నిశ్శబ్దం పాటించండి."

"ఎల్లయ్య గారూ, నవ్వు కూడా శబ్దమే."

"రమణమ్మ గారూ, తమరు ఉపాధ్యాయులై ఉండి ఇలా చేయడం విచారకరం."

అలా కిందికి, ఇంకా కిందికి. పురుగైనా లేని ఖాళీ గదిలో ఒక ముసలాయన గోడలను గదమాయిస్తున్నట్టుంది. పాఠకులు ఉన్నారని రుజువు చూపవలసిన చోట, ఆ రుజువులన్నీ నేనే పద్ధతిగా, రోజు తప్పకుండా, ఊడ్చి పారేశాను. నరసన్నపేట బస్సు హారను నా చెవుల్లో మోగింది.

జరిగింది జరిగినట్టు చెప్పాను. మేడం పెదవి బిగించి విన్నారు. తర్వాత మళ్లీ ఫోను చూస్తూ పోయారు. "ఇది మూడవ మారు" అని నేను ఎల్లయ్యను హెచ్చరించిన చోట ఆవిడ భుజాలు కదిలాయి. చివరకు ఫోను బల్ల మీద పెట్టి నవ్వేశారు. బోర్డు కిందనే కూర్చుని, పెద్దగా. నేను ఆమెను వారించలేదని ఇక్కడ సవినయంగా మనవి చేస్తున్నాను.

"మిగతా పేజీల్లో అంతా పొగడ్తలే. సగం సిబ్బంది రాసుకున్నవేనని చదివితే తెలిసిపోతుంది," అన్నారు కళ్లు తుడుచుకుంటూ. "ఇక్కడ మాత్రం, పేరుపేరునా ఇంతమందిని తిట్టారు. ఎదుట మనిషి లేకుండా ఎవరూ ఇంత విసుక్కోలేరండీ. ఈ శాఖకు పాఠకులున్నారు."

శాఖ నిలబడింది. కానీ మేడం ఒక షరతు పెట్టారు. నేను నోరు మూయించిన ప్రతి ఒక్కరికీ అదే పేజీలో క్షమాపణ చెప్పుకోవాలి.

రెండు రోజులు కూర్చుని, రెండు వేళ్లతో, అందరికీ చెప్పాను. ఎల్లయ్యకు కొంచెం పొడుగ్గా రాశాను. రెండో భాగం అప్పారావు దగ్గర నుంచి తెప్పించి బల్ల మీద పెట్టానని, వచ్చి తీసుకోమని, ఇకమీద ఎంత మాట్లాడినా అభ్యంతరం లేదని, ఇంకా ఏవేవో.

సాయంత్రానికి అతని జవాబు వచ్చింది.

"సత్యానందం గారూ, దయచేసి నిశ్శబ్దం పాటించండి."

దాని కింద అప్పారావు, రమణమ్మ టీచరు, ఆ నలుగురు తల్లులు, అందరూ పసుపు ముఖాలతో నవ్వుతూ వరస కట్టారు. తొలగించు అన్న మీట నా వేలి కిందే ఉంది. వేలు వెనక్కి తీసుకున్నాను. మర్నాడు ఎల్లయ్య వచ్చి, రెండో భాగం చంకన పెట్టుకుని పోయాడు.

కాబట్టి పాఠక మహాశయులకు ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, నా చెవికి వినపడని మాటను ఆపమని ఇకపై ఈ జన్మలో ఎవరినీ అడగను. చెవికి వినపడేవాటి విషయంలో మాత్రం నా చేత ప్రమాణం చేయించకండి. ఇది రాస్తుండగా పక్కింట్లో మిక్సీ తిరుగుతోంది. నేను ఒక్క మాటా అనలేదు.

కిటికీ మాత్రం వేశాను.