కదలని బస్సు

రిజర్వాయర్ కింద మా ఊరు మునిగినంక సిద్దిపేటల గీ కాలనీకి వచ్చి పడ్డం. మొన్న కంప్యూటర్ కంపెనీ పిల్ల ఒకతి వచ్చింది.

"తాతా, కంప్యూటర్ల ఒక ఊరు కట్టినం. వరదొస్తే జనం ఎట్ల ఖాళీ చేస్తరో అందరు కలిసి ఒక్కసారే ఆడి చూడాలె. వలంటీరుగ మీరూ రాండ్రి" అన్నది.

బడి మొఖం చూడకున్నా కంప్యూటర్ నొక్కుడు నాకు నేనే నేర్చుకున్న. పోయి కూసున్న.

తెర మీద నాకొక ఇల్లిచ్చిన్రు. దానికి గడప లేదు. తెర మీద వరద రాంగనే మిగిలినోళ్లు బటన్ నొక్కి బస్సెక్కిన్రు. అందరు ఎక్కితేనే అది కదులుతదట.

"ఓ పెద్దాయినా, ఇంట్ల బంగారమేమన్న దాసినవా?" అని పక్కాయన నవ్విండు.

"బటన్ నొక్కుండ్రి తాతా, మీ ఒక్కరి కోసమే అందరు ఆగిన్రు" అన్నది పిల్ల.

నా ఒళ్లు మండింది. ఊరు ఖాళీ చేసిననాడు నా భార్య గడపకు పసుపు రాస్తుంటే, లారీ కాడోళ్లు గదే మాట అన్నరు. సగం రాసి లేచొచ్చింది. సచ్చేదాక ఆ సగం గడపనే తలుసుకున్నది.

"నేను నొక్క బిడ్డా. ఆగితే ఆగనియ్యి."

పిల్ల తన కంప్యూటర్ల ఏందో నొక్కి, నన్ను ఊర్లకెల్లి తీసేసింది. బస్సు కదిలింది. అందరు చప్పట్లు కొట్టిన్రు.