కిటికీ పక్కన మా అవ్వ

వానలు వెనకబట్టి, రోడ్ల పక్కన గంపల్లో సీతాఫలాలు కళ్లు విప్పే రోజుల్లో, ఆ మగ్గిన తీపి వాసన తగిలితే చాలు, నాకు గద్వాల పాసింజరు గుర్తుకొస్తుంది. తెలంగాణ వచ్చిన కొత్తలో, నేను నాలుగో తరగతి చదివేటప్పుడు, దసరా ముందర ఆ బండి పెట్టెలన్నీ పండ్ల గంపలతో, పాల క్యాన్లతో, పెళ్లిచూపుల ముచ్చట్లతో నిండి అదే వాసన వేసేవి.

మా అవ్వ పాలమూరు కూలీ. వయసులో ఉన్నన్నాళ్లూ తట్టా పారా మూటగట్టుకొని, కాలువలు తవ్వడానికి, కట్టలు పోయడానికి గుంపుతో దేశమంతా తిరిగింది. ఆ ప్రయాణాలన్నీ రైలు తలుపు దగ్గర నేల మీద, ఎవరి కాళ్లు తగులుతాయోనని ముడుచుకొని చేసినవే. మోకాళ్లు అరిగి పని మానేసిన ఏడు, దసరా సెలవుల్లో ఒక పొద్దున నన్ను లేపి, గద్వాల దాకా పోయొద్దామంది.

"గద్వాలల ఏం పనే అమ్మా?" అన్నాడు నాయిన.

"పనేం లేదు. ఇన్నేండ్లు పని కోసమే ఎక్కిన. ఒక్కపాలి ఉత్తగ ఎక్కుత."

నాయిన స్టేషన్ దాకా తానే వచ్చి టికెట్లు తీసిచ్చాడు.

అవ్వ పండుగ చీర కట్టింది. జొన్నరొట్టెలు, పల్లీల పొడి, ఉడకబెట్టిన పల్లికాయలు మూటగట్టింది. తీరా బండెక్కాక, సీట్లు ఖాళీగా ఉన్నా, అలవాటు కొద్దీ తలుపు దగ్గరే చతికిలబడింది. నేను చెయ్యి పట్టి లాగితే, "గీడనే మంచిగుంది. ఆడ కూసుంటె ఎవలన్న లేపుతరు" అంది.

ఆత్మకూర్‌లో ఉన్న కూతుర్ని చూడబోతున్న ఒక ముస్లిం పెద్దామె ఆ మాట విని, తన కిటికీ సీటులోంచి లేచింది.

"టికెట్ ఉన్నది గద అక్కా, నిన్నెవ్వలు లేపుతరు? జర ఇట్ల రా, కూసో."

అవ్వ సీటు అంచున కూర్చుంది. దేవరకద్ర దాటాక గానీ వీపు వెనక్కి ఆనించలేదు. ఒకదాని మీదొకటి పేర్చినట్టున్న నల్లగుండ్లు, ఎర్రమట్టి చెలకలు, విచ్చుతున్న పత్తి, కొంగలు వాలిన కుంటలు ఒక్కొక్కటే వెనక్కి పోతుంటే, అవ్వకు వేలు పెట్టి నాకు చూపించడమే సరిపోయింది. నడుమ నడుమ అవ్వ, ఆ పెద్దామె కలిసి పల్లికాయలు ఒలుచుకుంటూ బిడ్డల సంగతులన్నీ చెప్పుకున్నారు. దిగే ముందు ఆ పెద్దామె నా తల నిమిరింది.

తర్వాత కృష్ణ వచ్చింది. బండి వంతెన మీద మెల్లగా పోతుంటే, కింద ఎర్రగా, ఒడ్డు నుంచి ఒడ్డుకు వరద. అవ్వ చువ్వలకు ముఖం ఆనించింది.

"ఎన్నిసార్లు దాటిననో గీ గంగను! మూటల నడుమ సప్పుడు ఇనుడే గని, నీళ్లు సూడలే బిడ్డా."

నవ్వుతూనే ఉంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

గద్వాల స్టేషన్‌లో చాయ్ తాగి మళ్లీ బండెక్కాం. ఈసారి అవ్వ నా కంటే ముందే పోయి కిటికీ పక్కన దర్జాగా కూర్చుంది. ఎవరో జరగమంటే, "కిటికీ నాది, నువ్వు గా పక్కకు కూసో" అంది. నాకెంత గర్వంగా అనిపించిందో!

ఆ తర్వాత ఏటా కృష్ణకు వరదొస్తే పోయేవాళ్లం. కరోనాకు బండ్లు ఆగిన ఏడే అవ్వ పోయింది. ఇప్పుడా దారిలో కరెంటు ఇంజన్లు నడుస్తున్నాయి. ఎదుటివాళ్లను ఏ ఊరని అడిగేవాళ్లు తగ్గారు, పల్లికాయలు ఒలిచి ఒకరి చేతిలో ఒకరు పెట్టుకోవడం పోయింది. బండి వేగం పెరిగింది. కృష్ణ కనిపించినట్టే కనిపించి దాటిపోతుంది. అవ్వ ఉంటే, గంత తొందరేమొచ్చిందని డ్రైవర్‌ను తిట్టేది.