రెండో పూత

బోర్డులు రాయడంలో గురజాల చుట్టుపక్కల ఇమాం సాహెబుకు సాటి లేదు. ముందు రాబోయే వీధి పేరు మోటారు నడిపేవాడికి దూరం నుంచే తెలియాలని, రోడ్డు పక్కన పాతిన రేకుల మీద బెత్తెడేసి అక్షరాలు రాసేవాడు. తన సొంత దూదేకులవీధి బోర్డునైతే ఇంకాస్త మురిపెంగా రాశాడు.

నలభై రెండులో జపానువాడి బాంబులు కోస్తాలో పడేసరికి, పైనున్న ఎవరో పెద్దమనిషి బుర్రను పురుగు తొలిచింది. శత్రువుకు దారి తెలియకూడదు, బోర్డులన్నిటికీ తారు పూయించండి అన్నాడు. ఎక్కడి జపాను, ఎక్కడి దూదేకులవీధి!

"ఒక్క పూత చాలు సాహెబూ, తారు దండగ చెయ్యమాక," అన్నాడు ఓవర్సీరు శేషగిరిరావు, తారు డబ్బా చేతికిస్తూ.

అన్నిటికీ ఒక్క పూతే పూసినవాడు తన వీధి బోర్డు దగ్గరికొచ్చేసరికి ఆగాడు. తారు కింద అక్షరాలు లీలగా తెలుస్తున్నాయి. సొంత వీధి గనక చూసీచూడనట్టు వదిలేశాడని ఎవరైనా అంటే? అసలే యుద్ధకాలం. డబ్బా అడుగున మిగిలింది ఊడ్చి రెండో పూత వేశాడు.

రెండు నెలలకు కూతురు సాజిదా తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. నొప్పులు మొదలై ఒక రోజు గడిచింది. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. నరసరావుపేట డాక్టరమ్మకు తంతి కొట్టించారు. పొద్దుటి నుంచీ ఇమాం సాహెబు రోడ్డు మీదే నిలబడ్డాడు. మధ్యాహ్నం సాజిదా "నాయనా!" అని కేక పెడితే ఉండబట్టలేక ఇంట్లోకి పరిగెత్తాడు. కూతురి చెయ్యి పట్టుకుని కూర్చున్నప్పుడే మోటారు చప్పుడు వినబడింది. ఆగుతుందనుకున్నాడు. ఆగలేదు. అతను రోడ్డెక్కేసరికి దుమ్ము తప్ప ఏమీ లేదు.

మాచర్ల దారిలో చాలాదూరం పోయి, వాళ్ళనీ వీళ్ళనీ అడుగుతూ కారు తిరిగొచ్చింది. అప్పటికి తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు.

"మిగతా బోర్డులన్నీ ఎట్టాగో పోల్చుకున్నా," అన్నాడు డ్రైవరు బిక్కమొహంతో. "ఈ ఒక్కదాని మీద ఒక్క అక్షరం కూడా తెలీలా."

సాజిదా తల్లి అమీనా బీ ఆ మాట విన్నది. అది మొదలు ఆమె సర్కారును తిట్టని పూట లేదు. రొట్టె తడుతున్నా, నీళ్ళు తోడుతున్నా, "నా బిడ్డను మింగినారు గదరా, మీ కొంపలు గూలా!" అని శాపనార్థాలే. ఇమాం సాహెబు పక్కనే కూర్చుని వినేవాడు. ప్రతి తిట్టూ తిన్నగా వచ్చి అతనికే తగిలేది. చెబుదామని నోరు తెరిచేవాడు. మళ్ళీ లేచి అవతలికి పోయేవాడు. అలా మూడేళ్ళు మింగలేక కక్కలేక బతికాడు.

యుద్ధం ముగిశాక బోర్డులు మళ్ళీ బాగుచెయ్యమన్నారు. అతను తమ వీధి బోర్డు గీకుతుంటే అమీనా బీ జొన్నన్నం తెచ్చింది. గీకిన కొద్దీ తారు వస్తూనే ఉంది.

"పాడు సర్కారు, ఎంత మందాన పూయించిందయ్యా!" అన్నదామె.

అతని చెయ్యి ఆగిపోయింది.

"సర్కారు ఒక్క పూతే పుయ్యమన్నది. రెండోది నేనేశానే. మన వీధని వదిలేశానంటారేమోనని బయపడి నేనే ఏశా."

ఆమె ఆ రేకు వంక ఒకసారి చూసింది. తర్వాత గిన్నె మూత తీసి అతని ముందు పెట్టి, "తిను," అని ఇంటికి వెళ్ళిపోయింది.

ఆనాటి నుంచి అమీనా బీ సర్కారును తిట్టడం మానేసింది. మొగుణ్ణి కూడా ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత ఆమె బతికిన పదకొండేళ్ళూ ఇమాం సాహెబు ఆ ఒక్క తిట్టు కోసమే ఎదురుచూశాడు.