మా ఆంటీ అచ్చు కాని ప్రేమ నవల

"ఆంటీ ప్రభువునందు నిద్రించారు. అందరూ ప్రార్థించండి." వాన్ అనే ఊళ్లో నేను పనిచేసే వేర్‌హౌస్‌లో, మధ్యాహ్నం షిఫ్టులో ఉండగా వాట్సాప్‌లో వచ్చిన వార్త ఇది. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఆ బొమ్మలు పెట్టినవాళ్లలో సగం మంది ఆవిడ వెనక ఏం మాట్లాడేవారో నాకు తెలుసు కాబట్టి, ఏడుపుకన్నా ముందు నాకు ఒళ్లు మండింది.

ఆవిడ నాకు బంధువేమీ కాదు. ఎడ్మంటన్‌లో చదువుకున్న రెండేళ్లు నేను అద్దెకున్న బేస్‌మెంట్ ఆవిడది. మేం వచ్చిన ఏడాది ఆ ఊళ్లో ఏ బస్సెక్కినా తెలుగు వినిపించేది. హైదరాబాద్‌లో కన్సల్టెన్సీవాడు గొప్పగా చెప్పి పంపిన నా కాలేజీ, తీరా చూస్తే టైర్ల షాపు మీద రెండు గదులు. ఒక్కో బేస్‌మెంట్‌లో ఎనిమిదేసి మంది ఆడపిల్లల్ని కుక్కి, పరుపులు వంతులేసుకోమని చెప్పే మనవాళ్లను చూశాను. ఆంటీ మాత్రం ముగ్గురికి మించి తీసుకోలేదు.

"నాలుగో అమ్మాయి వస్తే కిచెన్‌లో గొడవలు మొదలవుతాయమ్మా. ఆ గోలలో నాకు సీన్ రాయడం కుదరదు" అన్నారు మొదటిరోజే.

సీన్ ఏమిటో మాకు అర్థం కాలేదు. నరసాపురం వైపు నుంచి ముప్ఫై ఏళ్ల కిందట వచ్చిన మనిషి. అంకుల్ పోయారు, పిల్లలు లేరు. వృద్ధుల హోమ్‌లో వంట చేసేవారు. ఆదివారం తెలుగు చర్చిలో ముందు వరసలో కూర్చునేవారు. అలాంటావిడ పొడుగాటి నోటు పుస్తకాల్లో, చేత్తో, ఇంగ్లిష్‌లో ప్రేమ నవల రాస్తున్నారని వారం తర్వాత తెలిసింది. భర్త పోయిన యాభై అయిదేళ్ల వంటావిడకీ, సిటీ బస్సు నడిపే వరంగల్ ఆయనకీ మధ్య ప్రేమ. కంప్యూటర్ ముందు కూర్చుంటే ఇంకా వంటగది ఆర్డర్లు ఎక్కిస్తున్నట్టు ఉంటుందని చేత్తోనే రాసేవారు.

అంతకన్నా విచిత్రం, ఆవిడ ప్రేమ నవలలు రాసేవాళ్ల అసోసియేషన్‌లో మెంబరు. అందులో పుస్తకం అచ్చయినవాళ్లది ఒక విభాగం, కానివాళ్లది ఒక విభాగం. ఆంటీ పదకొండేళ్లుగా రెండో దాంట్లోనే ఉన్నారు. ఏటా రెన్యూ చేసుకుని, ఆ కార్డును హెల్త్ కార్డు పక్కనే పర్సులో పెట్టుకునేవారు. చర్చి నుంచి భోజనానికి వచ్చినవాళ్లు ఆ మాట ఎత్తి నవ్వేవారు. ఒకాయన పప్పుచారు పోసుకుంటూ, "బుక్కే లేదు, మెంబర్‌షిప్ ఎందుకండీ?" అని అడిగాడు.

"డ్రైవింగ్ వచ్చాకే డ్రైవింగ్ స్కూల్లో చేరతారా మీరు?" అన్నారు ఆంటీ, ఆయనకు ఇంకో గరిటె పోస్తూ.

ఆయన మీద నాకు అసహ్యం వేసిందని రాస్తే బాగుంటుంది. కానీ అప్పుడు నేనూ నవ్వాను. ఇంకా చెప్పాలంటే, అంతకన్నా నీచమైన పనే చేశాను. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆంటీ నాకు మూడో అధ్యాయం ఇచ్చి చదివి చెప్పమన్నారు. నేను దాన్ని కిందికి తీసుకెళ్లి, మా రూమ్మేట్లకు యాక్షన్ చేస్తూ చదివి వినిపించాను. బస్సాయన ఆవిడ చేతికి అంటిన పిండి తుడిచే చోట గొంతు మార్చి చదివాను. ముగ్గురం పొట్ట పట్టుకుని నవ్వాం. ఈ దేశంలో ఇళ్లకు వేడి గాలి వచ్చే గొట్టాలుంటాయి. కింద గదిలో మాట్లాడింది ఆ గొట్టంలోంచి పైకి అక్షరం పోకుండా వినిపిస్తుంది. ఆ సంగతి మాకు గుర్తు రాలేదు.

మర్నాడు పొద్దున ఆంటీ మెట్లు దిగి వచ్చారు. చేతిలో పెన్సిల్ ఉంది.

"ఎక్కడ నవ్వారో అక్కడ గీత పెట్టమ్మా. కరెక్టుగా ఏ లైన్ దగ్గరో. నేను నవ్వించాలనుకోని చోట నవ్వారంటే అక్కడ తప్పు నాదే" అన్నారు.

నేను సారీ చెప్పబోయాను. "సారీ నాకెందుకు, గీత పెట్టు" అన్నారు. గీతలు పెట్టాను. వారంలో ఆ అధ్యాయం మొత్తం తిరగరాశారు. రెండోసారి చదివినప్పుడు మాలో ఎవరికీ నవ్వు రాలేదు. ఈ విద్య అసోసియేషన్‌లో నేర్చుకున్నానని ఆవిడే చెప్పారు. అక్కడ పది పేజీలు జిరాక్సు తీసి అందరికీ పంచాలి. వాళ్లు ఇంటికి తీసుకెళ్లి చదివి, బాగోగులు అంచుల్లో రాసుకుని రావాలి. వాళ్లు చెబుతున్నంతసేపూ రాసినవాళ్లు నోరు తెరవకూడదు.

ఆంటీకి మంచులో డ్రైవ్ చేయడం భయం. నాకు లైసెన్సు వచ్చాక నెలకొక శనివారం పొద్దున ఆ మీటింగుకు నేనే తీసుకెళ్లేదాన్ని. లైబ్రరీలో ఒక గది, ఒక బల్ల, తొమ్మిది మంది. అచ్చయిన పుస్తకం ఇద్దరికే ఉంది. మొదటిసారి నేను చూసిన దృశ్యం ఇప్పటికీ మరిచిపోలేను. మీటింగ్ మొదలవగానే, ఆ నెలలో ప్రచురణకర్త నుంచి 'మాకు పనికిరాదు' అని ఉత్తరం వచ్చినవాళ్లు లేచి దాన్ని పైకి చదవాలట. ఆంటీ లేచారు. చీర మీద స్వెటర్ సర్దుకుని, తన నవల మొదటి అధ్యాయాలు పంపితే వద్దన్న ఉత్తరాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివారు. అందరూ చప్పట్లు కొట్టారు. స్కూల్ బస్సు నడిపి రిటైరైన ఒక ముసలావిడ, "వద్దన్నారంటే నువ్వు పంపావన్నమాట. పంపనివాళ్లకు ఈ ఉత్తరం రాదు" అంది. ఆంటీ మొహం వెలిగిపోయింది.

ఆ ఏడాది చివర నేను ఉద్యోగాలకు అప్లై చేసి, వరసగా రిజెక్షన్లు తెచ్చుకుని, తిండి మానేసి పడుకుంటే ఆంటీ నన్ను లేపి డైనింగ్ టేబుల్ దగ్గర నిలబెట్టారు. "ఆ ఈమెయిల్ చదువు, గట్టిగా" అన్నారు. చదివాను. ఆంటీ, రూమ్మేట్లు చప్పట్లు కొట్టారు. ఏడుస్తూనే నవ్వాను, నవ్వుతూనే అన్నం తిన్నాను. ఇవాళ నాకు ఉద్యోగం, వర్క్ పర్మిట్ ఉన్నాయంటే ఆ చప్పట్ల వల్లే. ఇంతకన్నా చిన్నగా చెప్పడం నాకు చేతకాదు.

నేను వాన్ వెళ్లిపోయాక కూడా ఫోన్లు చేసేవారు. ఆఖరిసారి చేసినప్పుడు ఆవిడ గొంతులో సంతోషం ఆగలేదు. అసోసియేషన్ ఏర్పాటు చేసిన సభలో ఒక ఎడిటర్‌తో పది నిమిషాలు మాట్లాడే వీలు దొరికిందట. మెంబర్లకే ఆ అవకాశం. "'పుస్తకం మొత్తం పంపండి' అందమ్మా. మొత్తం! లాస్ట్ చాప్టర్ అయిపోయింది. అది జిరాక్సు తీసి శనివారం అందరికీ ఇచ్చి, ఆ తర్వాత పంపేస్తా" అన్నారు. శనివారం రాకముందే గుండె ఆగింది.

చర్చిలో జ్ఞాపకార్థ కూడికకు నేను విమానంలో వెళ్లాను. ఒకరి తర్వాత ఒకరు లేచి మాట్లాడారు. పిల్లలకు బైబిలు కథలు రాసేదన్నారు. ఆవిడ బతికుండగా రాయని పుస్తకాలను పొగిడారు. రాసిన పుస్తకం మాట ఒక్కరూ ఎత్తలేదు. పప్పుచారు ఆయన కళ్లు తుడుచుకుంటూ "దేవుని కలం" అన్నాడు.

అక్కడి నుంచి ఇంటికి వెళ్తే ఆంటీ గదిలో అల్మరా ఖాళీగా ఉంది. చర్చి స్త్రీల సమాజం అధ్యక్షురాలు దుప్పట్లు మడతపెడుతోంది.

"నోటు పుస్తకాలు ఏవండీ?" అని అడిగాను.

"తీసేశామమ్మా. ఇండియా నుంచి తమ్ముడుగారు వస్తున్నారు కదా. ఆయన చూస్తే ఏమనుకుంటారు? విధవరాలు రాయాల్సిన రాతలా అవి? ఆవిడ పేరు పోకూడదని నేనే చింపి చెత్త కాగితాల బ్లూ బ్యాగ్‌లో వేశా. నిన్న ట్రక్కు తీసుకెళ్లింది."

ఎంతో మేలు చేసినట్టు చెప్పింది. తప్పు చేశానన్న జంకు కూడా లేదు. పదకొండేళ్లు ఒక మనిషి డ్యూటీ దిగొచ్చి, కాళ్లకు నూనె రాసుకుని కూర్చుని రాసిన రాత అది. మాట్లాడితే బూతులొస్తాయని బయటికి వచ్చేశాను. మనవాళ్ల పరువు మీద, ఆ పరువు కోసం పోయినవాళ్లను కూడా వదలని శుభ్రత మీద నాకు అంత రోత ఎన్నడూ పుట్టలేదు.

అసోసియేషన్ సెక్రటరీకి ఫోన్ చేసి ఏడ్చాను. "శనివారం రా" అంది ఆవిడ. వెళ్లేసరికి బల్ల మీద కాగితాల కట్టలున్నాయి. ఆంటీ పంచిన ప్రతి పది పేజీలనూ వాళ్లు దాచుకున్నారు. ఒకరి దగ్గర లేనిది ఇంకొకరి దగ్గర ఉంది. అంచుల నిండా ఎర్ర ఇంకు, ఆకుపచ్చ ఇంకు, కాఫీ మరకలు. ఆ ఎనిమిది మందీ, నేనూ కలిసి ఒకటో అధ్యాయం నుంచి పేర్చుకుంటూ వచ్చాం. పుస్తకం అచ్చు కానివాళ్లకు మెంబర్‌షిప్ ఎందుకని అడిగినవాళ్లందర్నీ ఆ గదిలోకి ఈడ్చుకొచ్చి కూర్చోబెట్టాలనిపించింది.

ఇరవై ఒక్క అధ్యాయాలు దొరికాయి. ఇరవై రెండోది, ఆఖరిది, ఎవరి దగ్గరా లేదు. ఇరవై ఒకటో అధ్యాయం చివర వంటావిడ మంచులో నడిచి వెళ్లి బస్సాయన తలుపు కొడుతుంది. ఆయన తలుపు తీస్తాడు. అక్కడితో ఆగిపోయింది. స్కూల్ బస్సు ముసలావిడ ఆ పేజీని తిప్పి వెనక కూడా చూసింది.

లోకంలో ఆ ఆఖరి అధ్యాయం చదివి ఉండే అవకాశం ఒక్క మనిషికే ఉంది, దాన్ని చింపినావిడకి. ఆ మనిషితో మాట్లాడాలని నాకు ఏ కోశానా లేదు. రెండు రోజులు ఆలోచించి ఫోన్ చేశాను.

"చింపే ముందు చదివారా?" అని అడిగాను, వందనాలు కూడా చెప్పకుండా.

అధ్యక్షురాలు గొంతు తగ్గించింది. "ఇంట్లో అందరూ ఉన్నారమ్మా, నేనే చేస్తా" అని పెట్టేసింది. చెయ్యదనుకున్నాను. గంటకు చేసింది. కారులో కూర్చుని ఉన్నట్టుంది, వైపర్లు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"రెండుసార్లు చదివా" అంది. "అన్నీ చదివా. మొదటి పుస్తకం నుంచి."

"ఆఖర్న ఏమైంది?"

"ఆయన లోపలికి రమ్మంటాడు. ఆవిడ గడప దగ్గరే నిలబడిపోతుంది. బూట్ల నిండా మంచు. లేసులు గడ్డకట్టి ముడి ఊడి రావట్లేదు. 'కార్పెట్ పాడైపోతుంది, వెళ్లొస్తా' అంటది. ఆయన 'పాడైపోనీ' అంటాడు." ఆవిడే మళ్లీ అందుకుంది. "ఇన్నేళ్లలో ఎవరింట్లోకైనా బూట్లతో అలా వెళ్లామా చెప్పు? బూట్లు విప్పకుండానే వెళ్లింది తల్లీ. మంచు బూట్లతోనే, హాల్లోకి."

నా అసహ్యం ఒక్క వీసం కూడా తగ్గలేదు. కానీ పెన్ను తీశాను.

"మళ్లీ చెప్పండి, మెల్లిగా" అన్నాను. "రాసుకుంటున్నా."

వైపర్ల చప్పుడు ఆగింది. ఇంజిన్ కూడా ఆపేసినట్టుంది. వంటావిడ తలుపు కొట్టిన దగ్గర్నుంచి అధ్యక్షురాలు, ఒక్కో మాటా ఒత్తి పలుకుతూ, మళ్లీ చెప్పడం మొదలుపెట్టింది.