తోడుకోని పాలు, మూడు చన్నుల గేదె

మా ఇంటి పాడి అంతా ఒక్క గేదె మీదే నడుస్తుంది. దాని నాలుగు చన్నుల్లో ఒకటి మొద్దుబారిపోయి ఇప్పుడు చుక్క పాలివ్వదు. దిష్టి తగిలిందని కొందరు, పాము వచ్చి పాలు తాగిపోయిందని కొందరు ఊళ్లో చెప్పుకున్నారు. ఆ పాము నేనే. ఎలా కాటేశానో చెబుతాను, నవ్వుకోండి. నవ్వాక కాస్త జాలి మిగిలితే గేదెకివ్వండి, నాకొద్దు.

మిరప కోతలు జోరుగా ఉన్న రోజుల్లో దానికి పొదుగువాపు వచ్చింది. వెనక చన్ను రాయిలా గట్టిపడి, ముట్టుకుంటే ఎగిరి తన్నేది. పశువుల డాక్టరమ్మ వచ్చి ఇంజెక్షన్ చేసి, చన్నులోకి ఎక్కించే మందు ట్యూబులు నా చేతిలో పెట్టింది.

"పెద్దమ్మగారూ, వాపు తగ్గినా సరే ఇవన్నీ పూర్తిగా ఎక్కించాలి. నేను మళ్లీ చెప్పేదాకా పాలు ఎవరూ తాగొద్దు, పారబోసెయ్యండి."

"వాపు ఒక చన్నుకే కదమ్మా, మిగతావి శుభ్రంగానే ఉన్నాయిగా?"

"మందు ఒంట్లోకి పోతుందండీ. నాలుగింటి పాలూ పారబొయ్యాల్సిందే."

అలాగేనని తలూపాను. తలూపడానికి ఖర్చేముంది?

పాలు పారబొయ్యడమా! బియ్యం కడిగిన నీళ్లే కుడితిలో పోసేదాన్ని, నా చేతికి ఆ పని ఎలా వస్తుంది? ట్యూబులు సగం ఎక్కించేసరికి వాపు దిగింది. తగ్గిన రోగానికి మందేమిటని మిగతావి గుడ్డలో చుట్టి అటక మీద దాచాను. పాలు బాగా పొంగించి, కాచితే ఏ మందైనా ఆవిరైపోతుందని నాకు నేనే డాక్టర్నై తీర్పు చెప్పుకుని, మా కోడలు పద్మ చేత తోడు వేయించాను. కోతకొచ్చే కూలీలకు పెరుగన్నం పెడతానని మాటిచ్చి ఉన్నాను మరి.

తెల్లారి మూత తీస్తే పాలు పాలలాగే ఉన్నాయి.

"తోడు వేశావా, వేసినట్టు కలగన్నావా?"

"మీ కళ్ల ముందేగా అత్తయ్యా వేసింది!"

"అయితే నీ చెయ్యే మంచిది కాదు. మీ చీరాల వాళ్లకి మగ్గం తప్ప మజ్జిగ తెలిస్తేగా!"

పద్మ మూత మళ్లీ పెట్టేసి వాకిలి ఊడవడానికి పోయింది. తలుచుకుంటే ఆ మాట ఇప్పటికీ నా నోట్లోనే చేదుగా ఉంటుంది.

మా చేలో కోత మర్నాడే కనుక ఆ సాయంత్రం నేనే రంగంలోకి దిగాను. చలికి తోడుకోలేదేమోనని కుండకు నా దుప్పటి కప్పి, నేను వణుకుతూ పడుకున్నాను. మిరపకాయ తొడిమె వేస్తే పాలు తోడుకుంటాయని మా అమ్మ చెప్పేది. ఆవిడ చెప్పింది ఒకటీ అరా. నేను గుప్పెడు ఎండుమిరపకాయలు తొడిమెలతో సహా గుమ్మరించాను. మిరప పండించే ఇంట్లో ఆ మాత్రం ధారాళం చూపకపోతే ఎలా?

మర్నాడు మధ్యాహ్నం చేలో కూలీలు వరసగా అన్నాలకు కూర్చున్నారు. పొద్దుటినుంచీ కాయ కోసి అందరి వేళ్లూ మండుతున్నాయి. ముఠా మేస్త్రి కోటమ్మ తొలి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

"పెద్దమ్మా, ఇది పెరుగా, పచ్చడి రోలు కడిగిన నీళ్లా?"

"పెరుగేనే. కాస్త పల్చనైంది. తిను."

"చేతులు ఎట్టాగూ మండుతున్నాయి. నోరేం పాపం చేసిందని దాన్నీ ఆ మంటలో కలిపేశావు?"

చేనంతా నవ్వు. మెతుకుల కోసం వచ్చిన కుక్క కూడా వాసన చూసి, మర్యాదగా వెనక్కి తిరిగిపోయింది.

ఇంటికొచ్చి చూస్తే చన్ను మళ్లీ వాచింది. ఈసారి పాలలో తరకలు, నెత్తుటి చార. డాక్టరమ్మ రాగానే నా ముందుచూపుకు మెచ్చుకుంటుందని దాచిన ట్యూబులు తీసి చూపించాను.

"ఇవి మిగలకూడదే! మరి పాలేం చేశారు?"

నేను గేదె పలుపు సర్దుతూ నిలబడ్డాను. పద్మే చెప్పింది.

"రెండుసార్లు తోడు వేశామండీ. తోడుకోలేదు."

డాక్టరమ్మ నవ్వబోయి ఆగిపోయింది.

"ఎలా తోడుకుంటాయి? పెరుగు చేసేవీ సూక్ష్మజీవులేగా, పాలలో ఉన్న మందు వాటిని చంపేసింది. కాచితే క్రిములు పోతాయిగానీ మందు పోదండీ. పొదుగులోనేమో సగం మందుకు బలహీనమైనవి చచ్చి, మొండివి మిగిలాయి. ఇప్పుడవి ఈ మందుకు లొంగుతాయో లేదో!"

లొంగలేదు. పాలు పరీక్షకు పంపిస్తే ఆ మందు ఇక పనిచేయదని తేలింది. అంటే నేను పెరుగు చేసే మంచివాటిని హతమార్చి, రోగం తెచ్చేవాటికి తాలింఖానా పెట్టి సాము నేర్పానన్నమాట.

"ఈ మొండివి పచ్చిపాల మీదుగానో, పితికిన చేతుల మీదుగానో మనుషుల్లోకి వస్తే, రేపు మీ మనవరాలికి జబ్బు చేసినప్పుడు మందు పనిచేయకపోవచ్చు పెద్దమ్మగారూ," అంది డాక్టరమ్మ మెల్లగా. ఆ మాటకు మాత్రం నాకు నవ్వు రాలేదు. మీకూ రాదు.

వేరే మందుతో గేదె ప్రాణం దక్కింది, చన్ను దక్కలేదు. దూడ అలవాటుగా దాన్నే పట్టుకుని, లాగి లాగి, వదిలేసి నా వైపు చూస్తుంది. దూడకేం తెలియదనుకోండి. నాకు తెలుసు.

"నీ చెయ్యి మంచిదేనే," అన్నాను పద్మతో, ఎటో చూస్తూ.

"నా చెయ్యి సంగతి తర్వాత, ముందు మీ చెవుల సంగతి చూడండి అత్తయ్యా," అంది.

మొన్న పితకడానికి కూర్చుంటూ గేదె పొట్ట మీద చెయ్యి వేసి ప్రమాణం మొదలుపెట్టాను. డాక్టరు ఇచ్చిన మందు ఆఖరి చుక్క దాకా వేస్తాననీ, పారబొయ్యమన్న పాలు కళ్లు మూసుకునైనా పారబోస్తాననీ చెబుతుండగానే అది కాలు విసిరి ఒక్క తన్ను తన్నింది. తపేలా ఒకవైపు, నేనొకవైపు.

లేచి చీర దులుపుకుని, ప్రమాణం మళ్లీ మొదటినుంచి చేశాను.