ఉయ్యాలబల్లకు కొత్త కన్ను

నేను బరంపురం కాపురానికి వచ్చిన ఏడాది వేసవిలో మా నడవలోని టేకు ఉయ్యాలబల్లకు కన్ను ఊడిపోయింది. కన్నంటే కొమ్మ మొలిచిన చోట చెక్కలో ఉండే నల్లటి ముడి. అది పోయిన చోట పడ్డ గుంటలో అత్తగారి చీర తగులుకుని చిరిగింది.

చికిటి నుంచి మా ఆడపడుచు అత్తింటి వియ్యాలవారు వస్తున్నారని తెలిసి, మావగారు గేట్ బజారులోని బట్టల కొట్టు మా ఆయనకు అప్పజెప్పి, తానే మరమ్మతుకు దిగారు. టేకు పొట్టు జిగురులో కలిపి గుంటలో కూరారు. ఆరాక గరుకు కాగితంతో రుద్దితే బల్లా, అతుకూ ఒకటే రంగు. మావగారు మీసం దువ్వుకున్నారు. అప్పట్లో మా జిల్లాకు మంచి సరుకేదైనా మద్రాసు నుంచే రావాలి. అక్కణ్నుంచి రైల్లో తెప్పించిన రంగు వార్నీషు పూసేసరికి బల్లంతా ఎర్రగా నిగనిగలాడింది. అతుకు మాత్రం రంగు పీల్చుకోక పాలిపోయింది.

"ఇదేటండీ, ఎవులో సున్నం రాసీసినట్టుంది," అన్నారు అత్తగారు.

ఆయన దాన్ని తవ్వి తీసేసి, ఈసారి పొట్టులో ముందే కావిరంగూ, కాస్త మసీ కలిపారు. పైన రంగు పూశాక ఆ అతుకు కాస్తా బొగ్గులా తేలింది. ఆ పూట ఆయనకు అన్నం సహించలేదు. మళ్లీ తవ్వడానికి ఉలి తీస్తుంటే నేను ఉండబట్టలేక అన్నాను.

"ఊడింది కన్నే గదా మావా. నల్లగానే ఉండనీండి. సుట్టూ సారలు గీసీస్తే అసలు కన్నులాగే అవుపడతాది."

"ఎవులు గీస్తారేటి?"

"ముగ్గులెట్టే సెయ్యి గదా, కోడలే గీస్తాది," అన్నారు అత్తగారు.

దీపం మసిని వార్నీషులో కలిపి, కొన నలిపిన చీపురుపుల్లతో, పక్కనున్న చారలను చూసుకుంటూ వంపు గీతలు గీశాను. చెయ్యి వణికిన చోటే గీత చెక్కలో పుట్టినట్టు వచ్చింది. మావగారు పక్కనే కూర్చుని చూశారు.

వియ్యాలవారు వచ్చి ఉయ్యాల మీద కూర్చున్నారు. మావగారు ఆగలేకపోయారు.

"బల్లకి అతుకెక్కడేశామో సెప్పండి సూద్దాం, బావగారూ."

వియ్యంకుడుగారు లేచి, కళ్లజోడు సవరించుకుని, బల్లంతా తడిమి, అవతలి కొసనున్న అసలు కన్ను మీద వేలు పెట్టారు.

"ఇదిగో, ఇక్కడే. పనోడు బాగానే సేసేడు గానీ, నలుపు కొంచెం ఎక్కువైపోనాది."

మావగారు నవ్వాపుకోలేక పెరట్లోకి వెళ్లిపోయారు. అత్తగారూ నేనూ వంటింట్లోకి వచ్చి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా గారెల పిండి రుబ్బుకుంటూ కూర్చున్నాం.